అనాసపండు గంట

సముద్రంలోకి దిగి, కళ్ళారా చూసి, ఉత్త చేతులతో పైకి వచ్చే మనుషుల్ని నేను ఈ రొవాటాన్ దీవిలోనే మొదటిసారి చూశాను. రొయ్య తీసుకురారు, శంఖం తీసుకురారు, కనీసం ఓ గవ్వయినా తీసుకురారు. తెస్తే జరిమానా కూడానట. పైగా అలా దిగి రావడానికి వాళ్ళే ఎదురు డబ్బిచ్చి వస్తారు. రొయ్యలు పట్టి బతికే మా మిస్కిటో తీరంలో ఎవడైనా ఇలా చేస్తే పిచ్చి ముదిరిందని మంచానికి కట్టేసేవాళ్ళు. ఇక్కడ దాన్ని సెలవులు గడపడం అంటారు.

నా పేరు ఎరాస్మో. వెస్ట్ ఎండ్ అనే ఊళ్ళో ఒక డైవింగ్ దుకాణం వెనక రేకుల షెడ్డులో కూర్చుని గాలి సిలిండర్లు నింపుతుంటాను. ఎడమ కాలు చచ్చుబడి పంతొమ్మిదేళ్ళయింది. కుడికాలు ఇద్దరి పనీ తనే చేస్తూ రోజంతా సణుగుతూ ఉంటుంది. నాకు ముక్కు మీద కోపమని దుకాణంలో అందరూ అంటారు. పొద్దున్నించీ చెవి పక్కన కంప్రెసర్ మొత్తుకుంటూ ఉంటే ఎవరికి కోపం రాదో చెప్పమనండి.

ముందు గదిలో బల్ల వెనక మా అమ్మాయి సెండెలా కూర్చుంటుంది. దానికి ఇరవై నాలుగేళ్ళు. సెలవులకు వచ్చేవాళ్ళ ఏర్పాట్లన్నీ అదే చూస్తుంది. ఆరు నెలల ముందు నుంచే వాళ్ళ ప్రశ్నలు మొదలవుతాయి. వాన ఏ నెలలో తక్కువ, తాబేళ్ళు ఎక్కడ కనిపిస్తాయి, మా ఆయనకు ఈత అంతంత మాత్రం, ఏం చేయమంటారు, ఇలాగ. అన్నిటికీ ఓపిగ్గా బదులిచ్చి, చివరికి ఒక్కొక్క గుంపుకీ ఒక కాగితం తయారుచేస్తుంది. వారం రోజులకు వారం రోజులూ అందులో ఉంటాయి. ఎన్ని బారల లోతు, ఎంతసేపు, తర్వాత పైన ఎంతసేపు విశ్రాంతి. ఒకసారి దిగి వచ్చాక పడవలో గంటసేపు ఊరికే కూర్చోవాలి. ఆ గంటలో వాళ్ళకు అనాసపండు కోసి పెడతారు. నేను దానికి అనాసపండు గంట అని పేరు పెట్టాను.

"కూర్చోడానిక్కూడా ఇంత ఏర్పాటేంటే," అనేవాణ్ణి దాన్ని ఆటపట్టించడానికి. "మేమైతే ఒక సిలిండర్ విప్పి ఇంకోటి తగిలించుకునేవాళ్ళం. నోట్లో పెట్టుకున్న రొట్టె ముక్క నమిలే తీరిక కూడా ఉండేది కాదు."

"చూస్తూనే ఉన్నాగా నాన్నా," అనేది తల ఎత్తకుండా.

నవ్వుతూ అనేవాణ్ణే గానీ, ఆ బల్ల వెనక కూర్చునే ఉద్యోగం దానికి దొరికినందుకు నేను లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అది నీళ్ళలోకి దిగకూడదు. నాకు కావలసింది అంతే. మా సముద్రానికి లీవా అని ఒక యజమానురాలు ఉంది. నీళ్ళ అడుగున ఉంటుంది, చేపా రొయ్యా అన్నీ ఆవిడవే. అవసరానికి తీసుకుంటే ఊరుకుంటుంది. మితిమీరితే కొడుతుంది. పంతొమ్మిదేళ్ళ కిందట ఒకే మధ్యాహ్నం నన్నూ మా తమ్ముడు నార్విన్‌నూ కలిపి కొట్టింది. నాకు కాలు పోయింది. వాడు సాయంత్రం దాకా కూడా లేడు. ఆ పడవలో ముప్పై మంది డైవర్లం ఉన్నాం. మా ఇద్దర్నే ఎందుకు కొట్టిందో నాకొక్కడికే తెలుసు. మా ఆవిడకు చెప్పలేదు, పాస్టరు గారికి చెప్పలేదు. తమ్ముణ్ణి తీసుకుపోయింది కూతుర్ని మాత్రం వదులుతుందా అన్న భయం అప్పటి నుంచీ నా కడుపులో అలాగే ఉండిపోయింది.

నన్ను ఈ దీవికి వైద్యానికని తెచ్చి, నాలుగు రోజులు ఇనప పీపాలాంటి దాంట్లో పడుకోబెట్టారు. రక్తంలో గాలి చేరిందని డాక్టరు ఏదో చెప్పాడు. తెల్లకోటు వేసుకున్నాక ఏదో ఒకటి చెప్పక తప్పదు గదా పాపం అనుకున్నాను. కాలు రాలేదు. ఊరికి వెళ్ళి తమ్ముడి భార్య మొహం చూసే ధైర్యం లేక, మా ఆవిడనూ పిల్లనూ ఇక్కడికే రప్పించుకుని ఉండిపోయాను.

సెండెలాకు చిన్నప్పుడే చెప్పాను, మోకాలు లోతు దాటి దిగావంటే ఊరుకోనని. సరే అంది. ఏడాదిన్నరగా ప్రతి శనివారం చర్చిలో పాటల సాధన ఉందని వెళ్ళేది. ఇంట్లో ఒక్కనాడు ఒక్క పాట పాడిన పాపాన పోలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా, రాలేదు. మొన్న ఆదివారం పొద్దున నేను వచ్చేసరికి దుకాణం గోడకు అద్దం బిగించిన పటం ఒకటి వేలాడుతోంది. అందులో మా అమ్మాయి ఫొటో, కింద దాని పేరు, ఇక నుంచి గుంపుల్ని నీళ్ళలోకి తీసుకెళ్ళొచ్చని ముద్ర. ఇవాళ వచ్చే గుంపును రేపు సెండెలాయే తీసుకెళ్తుందని మా యజమాని స్వీట్లు పంచినంత సంతోషంగా చెప్పాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆడేది ఉన్నది ఒక్క కాలే, అది కూడా ఆగిపోయింది.

"ఇదా నీ పాటల సాధన?" అన్నాను.

"చెబితే ఒప్పుకునేవాడివా?"

"ఇప్పుడు మాత్రం ఒప్పుకుంటానని ఎవరు చెప్పారు? రేపు నువ్వు దిగడం లేదు."

"ఎందుకో ఒక్క కారణం చెప్పు నాన్నా. మన కుటుంబానికి సముద్రం అచ్చిరాదు అని కాకుండా ఇంకోటి చెప్పు."

చెప్పలేదు.  నేను షెడ్డులోకి వెళ్ళి కంప్రెసర్ వేసి కూర్చున్నాను. ఆ చప్పుడు మొదటిసారి హాయిగా అనిపించింది.

ఆ మధ్యాహ్నమే జులేమా అమ్మగారు ఊళ్ళో దిగింది. రాజధాని తెగూసిగల్పాలో ఏదో పెద్ద ఆఫీసులో అధికారిణి. వెంట భర్త, చెల్లెలు. మూడు నెలలుగా ఫోన్లో మా అమ్మాయి ప్రాణం తోడేసిన మనిషి ఈవిడే. వారం రోజుల సెలవులకు తొమ్మిదిసార్లు ఏర్పాటు మార్చింది. ఇంకా సామాను గదిలో పెట్టకుండానే కాగితం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఈ గంటలన్నీ తీసెయ్ అమ్మాయ్. ఏడాదికి ఒక్క వారం దొరుకుతుంది నాకు. పడవలో కూర్చుని పళ్ళు తినడానికి రాలేదు. ఆ శనివారం చూడు, మొత్తం ఖాళీగా వదిలేశావు. నేనే రెండుసార్లు దిగేలా రాసుకున్నాను."

"ఆదివారం పొద్దున్నే మీకు విమానం ఉందండీ. దానికి ముందు రోజంతా నీళ్ళలోకి దిగకూడదు," అంది సెండెలా.

"ఎవరు చెప్పారు?"

"ఈ లోతుల పట్టిక చెప్పింది," అంది బల్ల మీది అట్ట చూపించి.

"పట్టికలు రాసేవాళ్ళు భయపడి అన్నీ ఎక్కువే రాస్తారులే." అంతలో నేను సిలిండర్ల బండి తోసుకుంటూ అటు వచ్చాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "పెద్దాయనా, మీరు మిస్కిటో డైవరేగా? రొయ్యలు పట్టినవాళ్ళేగా? మీరు చెప్పండి, ఇదంతా అవసరమా?"

గోడ మీది పటం చూసిన దగ్గర్నుంచీ నా ఒళ్ళు ఉడికిపోతోంది. ఈవిడ పోట్లాడి వేరే దుకాణానికి పోతే రేపటి ప్రయాణం ఆగిపోతుంది కదా అని కూడా ఒక దుర్బుద్ధి పుట్టింది. దానికి తోడు, మీరు డైవరేగా అని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో.

"గంటా?" అన్నాను. "మేం రోజుకి పధ్నాలుగు సిలిండర్లు వాడేవాళ్ళం అమ్మగారూ. ఇరవై బారల లోతులో. మధ్యలో ఒక్క నిమిషం కూర్చుంటే ఒట్టు."

"విన్నావా?" అంది జులేమా మా అమ్మాయి వైపు తిరిగి.

సెండెలా నా వైపు చూసింది. తర్వాత నా చేతికర్ర వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. అది ఏడవలేదు. సొరుగులోంచి కొత్త కాగితం ఒకటి తీసి, సెలవులకు వచ్చేవాళ్ళ పేర్లు రాసే చోట ఎరాస్మో అని రాసింది. కుర్చీ నా వైపు జరిపింది. ఆ తర్వాత మా భాషలోకి మారింది. కోపం వచ్చినా బాధ కలిగినా మేం మా భాషలోకే మారతాం.

"చెప్పు నాన్నా. మొదటి సిలిండర్ ఎన్ని బారలు?"

"ఏ రోజుది?"

"నీ ఆఖరి రోజుది."

కూర్చున్నాను. చెప్పకుండా లేచిపోదామనుకున్నాను గానీ అది పెన్సిల్ పట్టుకుని, జులేమా లాంటి వాళ్ళ ముందు కూర్చున్నంత ఓపిగ్గా కూర్చుంది.

"ఇరవై," అన్నాను.

"ఎంతసేపు?"

"గాలి అయిపోయిందాకా. ఇంకెంతసేపు?"

రాసింది. "ఆ లోతులో పన్నెండు నిమిషాలకే పైకి వచ్చేయాలి, లేకపోతే రక్తంలో గాలి చేరుతుంది. సరే, వచ్చావు. పైన ఎంతసేపున్నావు?"

"సిలిండర్ మార్చుకున్నంతసేపు."

"రెండోది?"

"అదే, ఇరవై."

అది పట్టిక మీద వేలు పెట్టి అడ్డంగా జరుపుకుంటూ పోయింది. చివర్లో ఆగింది. "ఇక్కడికి అయిపోయింది నాన్నా. దీని తర్వాత గడులు లేవు. ఇంక ఆ రోజు దిగకూడదు. మూడోది చెప్పు."

మూడోది చెప్పాను. నాలుగోది చెప్పాను. పట్టికలో గడులు లేకపోయినా అది రాస్తూనే పోయింది. పదోదానికి కాగితం అడుగుకు వచ్చేసింది. మిగతావి పక్క అంచులో నిలువుగా రాసింది. పధ్నాలుగోది ఇరవై రెండు బారలు. ఇదొక్కటీ అయ్యాక చాలు అన్నా, ఇంటికి పోదాం, అన్నాడు నార్విన్. వాడి నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అదే.

"మీ ఇద్దరే అంత లోతుకు ఎందుకెళ్ళారు?"

"మాకంటే గట్టివాళ్ళు ఆ పడవలో లేరు కనక. మిగతావాళ్ళంతా పన్నెండు బారల్లోనే ఈదులాడేవాళ్ళు."

అన్నాక ఇంక ఆగలేకపోయాను. "ఇవేవీ కాదే. నువ్వు అంకెలు రాసుకుంటూ పోతున్నావు. అసలైంది రాయలేదు."

"అసలైంది ఏంటి?"

చెప్పాను. మూడో సిలిండర్‌కు ఒక ముళ్ళరొయ్య దొరికింది, మూరెడు ఉంటుంది. కడుపు కింద గుడ్లు, నారింజ రంగు పూసల్లా గుత్తులు గుత్తులుగా. అలాంటిదాన్ని వదిలేయాలి. అది లీవా ఇంట పురిటి మనిషి. నేను వదల్లేదు. గుడ్లు కనిపిస్తే పడవలో తీసుకోరని, పైకి తెచ్చి బ్రష్షుతో తోమి తోమి కడిగేశాను. వద్దు అన్నా, వదిలేద్దాం, అన్నాడు నార్విన్. నోరు మూసుకుని గట్టిగా పట్టుకో అని కసిరాను. వాడు పట్టుకున్నాడు, నేను తోమాను. ఆ మధ్యాహ్నమే ఇద్దరం పడిపోయాం.

"వాడు వద్దన్నాడే," అన్నాను. "వద్దన్నవాణ్ణి తీసుకుపోయి, తోమినవాణ్ణి వదిలేసింది. రాయి. మూడోదాని పక్కన రాయి."

సెండెలా పెన్సిల్ కింద పెట్టింది. దాని కళ్ళు నిండాయి. తర్వాత, "ఎక్కడ రాయను నాన్నా?" అంది. "లోతు, సమయం, విశ్రాంతి. మూడే వరసలు. గుడ్లకు ఇందులో వరస లేదు."

"అయినా రాయి."

రాసింది. మూడోదాని పక్కన గుడ్ల రొయ్య అని పెద్ద అక్షరాలతోనే రాసింది. తర్వాత రబ్బరు తీసుకుని దాన్ని చెరిపేసింది. "ఇప్పుడు చూడు. ఏ అంకె అయినా మారిందా?"

మారలేదు. నేను పై నుంచి కింద దాకా రెండుసార్లు చూశాను. ఇరవై ఇరవైగానే ఉంది. పధ్నాలుగు పధ్నాలుగ్గానే ఉంది.

"మరి ముప్పై మందిలో మా ఇద్దరికే ఎందుకు?" అన్నాను. 

"వాళ్ళు పన్నెండు బారల్లో ఉన్నారు. మీరు ఇరవై రెండులో ఉన్నారు. నువ్వే చెప్పావుగా ఇప్పుడు, గొప్పగా." ఆగి మళ్ళీ అడిగింది. "మన ఊళ్ళో కర్ర పట్టుకు నడిచేవాళ్ళు ఎంతమంది?"

"నలభై మంది ఉంటారు."

"నలభై మందీ గుడ్లు కడిగారా?"

 ఆ నలభై మందిలో చాలామంది కథలు నాకు తెలుసు. ఒకడు అత్తగారిని తిట్టి పడవెక్కాడు, అందుకు కొట్టింది. ఇంకొకడు పడవలో ఈల వేశాడు, అందుకు. మరొకడు తాబేలు కూర తిని దాని డిప్ప మీద కూర్చున్నాడట. వెర్రివాళ్ళు, దేనికో దేనికి ముడిపెడతారని నవ్వుకునేవాణ్ణి. నాది మాత్రం నిజమైన కారణం అనుకున్నాను. అది తట్టేసరికి నవ్వొచ్చింది. నవ్వు మొదలుపెట్టినవాణ్ణి ఎప్పుడు ఏడుపులోకి దిగానో నాకే తెలియదు. దుకాణంలో, పరాయి ఆడమనిషి ముందు, పసిపిల్లాడిలా ఏడ్చాను.

"గుడ్లు కడగడం తప్పే నాన్నా," అంది సెండెలా నా వీపు నిమురుతూ. "దానికి ఇవ్వాల్సింది జరిమానా. తమ్ముణ్ణి కాదు."

"ఈ కాగితం మాకు ఎవరూ ఇవ్వలేదే," అన్నాను. కెప్టెన్ దగ్గర సముద్ర పటాలున్నాయి, తుఫాను కబురు చెప్పే రేడియో ఉంది, రొయ్య పొడవు కొలిచే బద్ద కూడా ఉంది. ఈ ఒక్క కాగితం లేదు. నాకు లీవా మీద ఉన్న భయమంతా ఆ పడవ మీద కోపంగా మారింది. పాపం లీవా. పంతొమ్మిదేళ్ళు ఆవిడ మీద నింద వేసి కూర్చున్నాను.

జులేమాకు మా భాష ఒక్క ముక్క తెలియదు. కానీ అంకెలు ఏ భాషలోనైనా అంకెలే. ఆవిడ ఆ కాగితం తన వైపు లాక్కుని అడ్డంగా చదివింది, అంచులో నిలువుగా రాసినవి కాగితం తిప్పి చదివింది. తన ఏర్పాటు కాగితం తెచ్చి పక్కన పెట్టుకుని రెంటినీ చూసింది. నా కర్ర వైపు చూసి చూపు తిప్పేసుకుంది. తర్వాత రబ్బరు అందుకుని, శనివారం గడిలో తాను రాసుకున్నది చెరిపేసింది.

"గంటలు అలాగే ఉండనీ అమ్మాయ్," అంది. "అనాసపండు మాత్రం కాస్త ఎక్కువ పెట్టించు."

సోమవారం పొద్దున సెండెలా సిలిండర్‌ను నేనే నింపి, నేనే మూడుసార్లు పరీక్షించాను. వెళ్ళమని నోటితో చెప్పలేదు. దాని వీపు మీద పట్టీలు బిగించాను. అదే నా ఒప్పుకోలు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి పడవ కూడా ఎక్కాను. ఇద్దరు పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది, ఎక్కేదాకా వాళ్ళిద్దర్నీ తిడుతూనే ఉన్నాను.

అది వెనక్కి వాలి నీళ్ళలో పడింది. అడుగు నుంచి బుడగలు పైకి వస్తున్నాయి, నేను వాటి మీంచి కళ్ళు తిప్పలేదు. చేతిలో గడియారం, ఒళ్ళో ఆ రోజు కాగితం, దాని కింద నా కాగితం. ఎంతసేపని రాసిందో అంతసేపటికి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా, నల్లటి తల ఒకటి నీళ్ళ మీదికి వచ్చింది. మొహం మీది అద్దం తీసి నన్ను చూసి నవ్వింది. అప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది.

అనాసపండు నేనే కోశాను. అందరికీ ముక్కలు అందాక నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. అంత తియ్యటి వస్తువును ఇన్నాళ్ళు ఎందుకు వెక్కిరించానో అర్థం కాలేదు. ఊరికే కూర్చున్న ఆ గంటలో చేయడానికి నాకు ఒకే పని తట్టింది. ఫోన్ తీసి మా ఊరు కౌకీరాలో ఉన్న ఓర్ఫీలియాకు చేశాను. నార్విన్ భార్య. ఇన్నేళ్ళలో ఆమెతో నేను నేరుగా నాలుగు మాటలు మాట్లాడి ఉండను.

"బావగారూ? ఏంటి, ఎవరికేమైంది?" అంది కంగారుగా.

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా. ఒక సంగతి చెప్పాలి."

చెప్పాను. గుడ్ల రొయ్య దగ్గర మొదలుపెట్టి సెండెలా కాగితం దాకా అంతా చెప్పాను. "నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నాననుకున్నాను ఓర్ఫీలియా. నీ మొహం చూడలేకపోయింది అందుకే."

 ఆమె పెరట్లో కోళ్ళు మాత్రం వినిపిస్తున్నాయి. 

"బావగారూ," అంది చివరికి. "ఆ రోజు నేను మడుగులోకి దిగాను."

"ఏంటమ్మా?"

"దూరం ఉండాల్సిన రోజులు. నీళ్ళు తాకకూడదు. కానీ పిల్లాడికి విరేచనాలు, గుడ్డలు ఉతకాలి, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. ఎవరూ లేకుండా చూసి దిగాను. లీవా చూసిందనుకున్నాను. అత్తకు చెప్పలేదు, కొడుక్కి చెప్పలేదు. నా వల్లే పోయాడనుకున్నాను బావగారూ. ఈ క్షణం దాకా."

 ఒళ్ళో ఉన్న రెండు కాగితాల్లో నా పేరున్నది పైకి తీశాను. "విను," అన్నాను. మొదటి సిలిండర్ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఎన్ని బారలు, ఎంతసేపు, పైన ఎంత విశ్రాంతి. ఒక్కొక్కటీ చదువుతుంటే ఆమె ఊఁ అంటూ విన్నది. అంచులో నిలువుగా రాసినవి కూడా కాగితం తిప్పి చదివాను. పధ్నాలుగోది అయ్యాక ఆగాను.

"అంతేనమ్మా. ఇందులో నువ్వు లేవు," అన్నాను. "ఎక్కడా లేవు."

ఓర్ఫీలియా అప్పుడు ఏడ్చింది. పెద్దగా, ఎవరైనా వింటారన్న వెరపు లేకుండా, ఇంటి గుమ్మంలోనే కూర్చుని ఏడ్చినట్టు ఏడ్చింది. నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయలేదు.

జులేమా గడియారం చూసుకుని లేచి, గంట అయిపోయింది కదా అన్నట్టు సెండెలా వైపు తిరిగింది. మా అమ్మాయి నన్ను చూసింది, నా చెవి దగ్గర ఫోన్‌ను చూసింది.

"ఇంకో పావుగంట కూర్చుందామండీ," అంది.

జులేమా మళ్ళీ కూర్చుని ఇంకో పండు ముక్క తీసుకుంది.